గాజు మూత మీద చెమట

శవాన్ని చూసి ఏడ్చేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. దిబ్బపాలెంలో శవాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా ఉండేవారు. నిజం శవాన్ని కాదు లెండి, నాటకంలో శవాన్ని.

భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉంటుంది దిబ్బపాలెం. మగవాళ్లంతా వేటకెళ్లేవాళ్లు, ఆడవాళ్లంతా ఆ చేపల్ని గంపకెత్తి ఊళ్లమీద అమ్మేవాళ్లు. ఆ ఊరి నాటక సమాజం మూడు తరాలపాటు ఒకే ఒక్క నాటకం ఆడింది. ఉదయసేన మహారాజు నాటకం. వానల్లేక జనం అల్లాడుతుంటే రాజు తన ఆయుష్షు దేవుడికిచ్చి వాన అడుగుతాడు. ప్రాణం పోతుంది. రాణి శవం పక్కనే కూర్చుని ఎవరినీ ముట్టుకోనివ్వదు. ఆఖరికి వాన పడుతుంది, రాజు లేస్తాడు.

ఆ లేవడానికి ముందు ఒక తంతు ఉండేది. రాజు వేషం కట్టినవాడి ఇంటి మనిషి జనంలోంచి లేచి, వాడి అసలు పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. "ఒరే ఫలానా, ఉన్నావా?" అని. శవం కళ్లు తెరవకుండానే "ఓయ్, ఉన్నాను" అనాలి. జనం గొల్లుమని నవ్వేవారు. ఆ తర్వాతే వాన, ఆ తర్వాతే రాజు లేవడం. శవంలా పడుకున్నవాణ్ని చూసి యముడు నిజం శవమే అనుకుని పట్టుకుపోతాడట. పేరు పెట్టి పిలిచినప్పుడు వాడు పలికితే, ఓహో వీడు ఫలానావాడు, వీడికింకా టైముంది అని వదిలేసి పోతాడట. ఒకసారి ఎవరో తెలివైనాయన ఇదంతా దండగని, పిలవకుండానే వాన పాట ఎత్తుకుంటే, ఆ రాజు లేవలేదనీ, ముఖాన రంగుతోనే కాటికి పోయాడనీ ముసలివాళ్లు చెప్పేవారు. నిజమో అబద్ధమో ఆ సముద్రానికే తెలియాలి. ఆ తర్వాత మాత్రం దిబ్బపాలెంలో పిలవకుండా ఏ రాజూ లేవలేదు.

ఆ వేషం ఆఖరుగా కట్టినవాడు అప్పలసూరి. అతన్ని మొదట్లో తల్లి పిలిచేది, తల్లి పోయాక అక్క బుల్లమ్మ పిలిచేది. పెళ్లాం అమ్మడు పిలిచే ప్రసక్తే లేదు. ఆడది మొగుడి పేరు ఎత్తినప్పుడల్లా అతని ఆయుష్షులో ఒక ఏడాది తరిగిపోతుందని ఆమెకు వాళ్లమ్మ చెప్పింది. ముప్ఫై ఏడేళ్ల కాపురంలో అమ్మడు ఆ పేరు ఎత్తింది ఒకే ఒక్కసారి, కొత్త కోడలిగా అత్తారింటి గడప తొక్కిన రోజున. బుల్లమ్మ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి, "మొగుడి పేరు సెప్తేగాని నోపలికి రానివ్వను" అంటే, సిగ్గుతో చచ్చిపోతూ చెప్పింది. ఆ తర్వాత రేషను కార్డు రాసుకోవడానికి వచ్చినాయన "మీ ఆయన పేరేంటమ్మా?" అని నాలుగుసార్లు అడిగితే, నాలుగుసార్లూ నువ్వు చెప్పమని పక్కనున్న కూతురి వీపు మీద పొడిచిందే గానీ తను నోరు విప్పలేదు.

టీవీలొచ్చాక నాటకం ఆగిపోయింది. కిరీటాన్ని పెట్టెలో చెదలు తిన్నాయి. ఇరవై ఏళ్లు గడిచాక, రెండువేల పదిహేడు ఎండాకాలంలో, ధనరాజ్ అనే కుర్రాడు మోటారుసైకిలు మీద ఊళ్లోకి దిగాడు. బొబ్బిలి దగ్గర రైతుల బిడ్డ. విశాఖపట్నంలో నాటకాల చదువు చదివాడు. ఉదయసేన మహారాజును ఈ కాలానికి తగ్గట్టు మళ్లీ ఆడిస్తానన్నాడు. అప్పటికి అప్పలసూరికి అరవై దాటాయి. గుండెకు స్టెంటు వేసి ఏడాదిన్నర అయింది. వేట మానేసి, పొద్దస్తమానం వలల చిక్కులు తీస్తూ కూర్చునే మనిషి, ధనరాజ్ వచ్చిన మర్నాటి నుంచి రోజూ గడ్డం గీసుకోవడం మొదలెట్టాడు.

కొత్త ఒక వింత, పాత ఒక రోత. పద్యాలు పోయాయి, హార్మోనియం పోయింది. రాజు ఇప్పుడు సముద్రం ఒడ్డు భూముల కోసం నిరాహారదీక్ష చేసే ఖద్దరు లాల్చీ నాయకుడు. రాణి బడిపంతులమ్మ. దీక్షలో నాయకుడు చచ్చిపోతాడు. చచ్చిపోయి, మరి లేవడు.

"లెగవడా?" అంది అమ్మడు, మొగుడు ఈ సంగతి చెప్పినప్పుడు. కత్తిపీట మీద చేప తోముతున్న చెయ్యి ఆగిపోయింది.

"సచ్చినోడెలా లెగుస్తాడే? ఈ కాలంలో జనం నమ్మరట. డైరెక్టరుగోరు సెప్పేరు. నన్ను ఫ్రీజరు పెట్టెలో పెడతారు. రాణీగోరు పక్కన కూకుని మాటాడతాది, పాట పాడతాది, తెర పడిపోతాది. అరగంట కదలకుండా ఉండాల నాను."

"ఫ్రీజరు పెట్టేటి! సావింటికాడ పెట్టిందా?"

"అదే. అద్దెకి తెస్తన్నారు. బయపడకు. కరెంటియ్యరు, ఉత్త పెట్టే. లోపల సిన్న లైటొకటి పెడతారు. మూత కింద పుల్ల పెట్టి గాలాడీలాగ ఉంచుతారు. రియార్సల్లో నాలుగు సార్లు పడుకున్నాను గదా, ఏటయినాది?"

"మరి పిలవడం?"

"పిలవడమూ నేదు, గిలవడమూ నేదు. ఒసే, నీకో దండం. పెద్దపెద్దోలొస్తన్నారు, పేపరోలొస్తన్నారు. మన మోటు పన్లు అక్కడ సెయ్యకు. ఈ వయసులో నాకీ అదృష్టం మల్లీ రాదు."

"నానెలా పిలుస్తాను మావా? నీ పేరు నా నోటొస్తాదేటి?"

అదీ నిజమే కదా అని అప్పలసూరి నిశ్చింతగా నవ్వాడు. అమ్మడికి నవ్వు రాలేదు. చేపను అలాగే వదిలేసి ఆడబడుచు ఇంటికి పరుగెత్తింది. బుల్లమ్మ తుంటి విరిగి మూడు నెలలుగా మంచంలో ఉంది.

"నాను రానేను గదే," అంది బుల్లమ్మ. "నువ్వే పిలువు."

"నాను పిలిస్తే మీ తమ్ముడికి ఆయుసు తగ్గుతాది వొదినా."

"పిలవకపోతే ఉన్న ఆయుసంతా పోతాది. ఏది నయమో నువ్వే తేల్సుకో."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అమ్మడికి ఆ వారమంతా అన్నం సయించలేదు. చివరికి ఒక దారి దొరికింది. కొత్తవలసలో ఉన్న కూతురు నాటకానికి వస్తానంది కదా, కన్నకూతురు అయ్యను పేరు పెట్టి పిలిస్తే తప్పేముంది, దాని చేత పిలిపిద్దాం అనుకుంది. అలా అనుకున్న రెండు రాత్రులే ఆమె నిద్రపోయింది. ఆదివారం మధ్యాహ్నం నాటకానికని అమ్మడు విజయనగరం బస్సులో వెళ్తుండగా కూతురు ఫోను చేసింది. పిల్లాడికి జ్వరం, రాలేనంది.

*

హాలు నిండిపోయింది. ఏసీ ఉందన్న పేరే గానీ, ఆ జనానికీ ఆ ఉక్కకూ అది చాలక అందరూ చేతిలో కాగితాలతో విసురుకుంటున్నారు. అమ్మడిని మూడో వరసలో కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో జగన్నాధం మాస్టారని రిటైరైన పెద్దమనిషి. ఆమె రాజు వేషగాడి భార్య అని తెలిశాక ఎంతో మర్యాద చేశాడు. నాటకంలో ఏది దేనికి ప్రతీకో ఆమె చెవిలో చెప్పడం తన ధర్మమనుకున్నాడు.

ఆరు గంటలకు తెర లేచింది. తెల్ల లాల్చీలో అప్పలసూరిని చూసి అమ్మడు ముందు పోల్చుకోలేకపోయింది. ఇంట్లో అడిగితే గానీ నీళ్లయినా ముంచుకోని మనిషి, అక్కడ చెయ్యెత్తితే హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆమె గర్వంగా అటూ ఇటూ జనాన్ని చూసుకుంది. ఆ కాసేపూ యముడూ గుర్తు రాలేదు, ఎవరూ గుర్తు రాలేదు.

దీక్ష పదో రోజున నాయకుడు దగ్గి దగ్గి ఒరిగిపోయాడు. దీపాలారిపోయాయి. చీకట్లో చక్రాలు కిర్రుమన్నాయి, ఏదో టక్‌మంది. మళ్లీ వెలుతురు వచ్చేసరికి స్టేజీ నడిమధ్య ఫ్రీజరు పెట్టె ఉంది. కింద రేకు తొట్టి, పైన గాజు మూత. లోపల నీలం ట్యూబులైటు వెలుగులో అప్పలసూరి, ముక్కుల్లో దూది, ఛాతీ మీద చేతులు.

హాలంతా అబ్బా అంది.

టీవీ విలేకరుల వేషాలు వేసినవాళ్లు మైకులు పట్టుకుని పెట్టె చుట్టూ తిరిగారు. వాళ్లు పోయాక రాణి వచ్చి పెట్టె పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆ వేషం పద్మకుమారి అనే కాలేజీ లెక్చరరుది. మంచి గొంతు. పెట్టెకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి, పెళ్లయిన నాటి కబుర్లు మెల్లగా చెప్పుకుంటోంది. వెనకాల గిటారు వాయిస్తున్నారు.

అమ్మడికి ఆ కబుర్లు చెవికెక్కలేదు. ఆమె కళ్లు గాజు మూత మీదే ఉన్నాయి. మొగుడి నోటికి ఎదురుగా, గాజు లోపలివైపు, రూపాయి బిళ్లంత ఆవిరి పడుతోంది, పోతోంది. మళ్లీ పడుతోంది, పోతోంది. ఊపిరి. దాన్ని చూస్తూ కూర్చుంది. అది కనిపిస్తున్నంతసేపూ ఫర్వాలేదు అనుకుంది.

మూత కింద పుల్ల ఉందా అని వెతికింది. మూత అంచు తొట్టికి అతుక్కుని ఉంది. పుల్ల ఉన్న జాడ లేదు. చీకట్లో వినబడ్డ టక్ అనే చప్పుడు గొళ్లెం పడిన చప్పుడని అప్పుడు తట్టింది. పోనీలే, పెట్టె పెద్దది, అరగంటకు సరిపడా గాలి లోపల లేకపోతుందా అని తనకు తనే చెప్పుకుంది.

ఆ తర్వాత కనిపించింది చెమట.

మొదట మూత అంచుల్లో, గాజు బయటివైపు, మసక పట్టింది. ఆ మసక నెమ్మదిగా పైకి పాకింది. ఒక బొట్టు పేరుకుని, గాజు మీద గీత గీస్తూ కిందికి జారింది. వెనకే ఇంకొకటి.

అమ్మడికి చదువు లేదు. సొంత సంతకం కూడా వంకరే. కానీ నలభై ఏళ్లుగా ఐసుతో కాపురం చేసింది. పొద్దున్నే ఫ్యాక్టరీ దగ్గర ఐసు దిమ్మ కొని, కొట్టించి, చేపల మధ్య పోసి మూత వేసి, ఎండలో పది ఊళ్లు తిరిగే మనిషి. మూత బయట చెమట పట్టిందంటే లోపల చలి ఉన్నట్టు. మూత పొడిగా ఉందంటే ఐసు కరిగినట్టు. ఇంత చిన్న సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ కాదనలేరు.

ఉత్త పెట్టెకు చెమట పట్టదు.

ఆ ట్యూబులైటు వాళ్లు వేరే పెట్టిన లైటు కాదు, పెట్టెలోదే. దాన్ని వెలిగించాలంటే పెట్టెకు కరెంటివ్వాలి. కరెంటిస్తే మిషను కూడా ఆడుతుంది. ఈ ముక్క ఆ లైటు పెట్టినవాడికి తట్టలేదు. అమ్మడు చెవులు రిక్కించింది. గిటారు ఆగిన చోట, రాణి మాట ఆపిన చోట, సన్నగా గుయ్యిమని వినబడింది.

"బాబూ," అంది మాస్టారి చెయ్యి పట్టుకుని. "పెట్టె ఆడతన్నాది."

"అది సౌండ్ ఎఫెక్టమ్మా. ఎంత సహజంగా పెట్టారో చూశారా?"

"కాదు బాబూ, మిషను. సూడండి, గాజుకి సెమట పట్టినాది."

మాస్టారు కళ్లజోడు సర్దుకుని చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "అవునవును. రాణి ఏడవడం లేదు, గాజు ఏడుస్తోంది. అదీ ప్రతీక అంటే!"

"పెతీకేటి బాబూ, మనిషి సచ్చిపోతాడు! గుండెకి ఆపరేషనైనాది. మీరు లెగిసి ఆపమనండి. నేదంటే మీ నోటితో ఆయన్ని పేరెట్టి పిలవండి, మీకు పున్నెముంటాది."

"నేను పిలవడమా?" ముందు వరసవాళ్లు ఉష్ అన్నారు. మాస్టారు గొంతు తగ్గించి, "నాటకం చూస్తే ఎవరికైనా ఇలాగే అనిపిస్తుందమ్మా. ఆ నటుడి గొప్పతనం అది. భయపడకండి," అని ఆమె చేతి మీద తట్టాడు.

అమ్మడు లేచింది. కాళ్లు తొక్కుకుంటూ వరస దాటి, స్టేజీ పక్కనున్న మెట్ల దగ్గరికి వెళ్లింది. మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి అడ్డం వచ్చింది.

"షో అయ్యాక కలవొచ్చు ఆంటీ. ఇప్పుడు లోపలికి ఎవరినీ పంపకూడదు."

"మా ఇంటాయన తల్లీ ఆ పెట్టెలో ఉన్నది. కరెంటు తీయించు."

"తెలుసాంటీ, భలే చేస్తున్నారు అంకుల్. ఇంకో పది నిమిషాలే." ఆ పిల్ల నవ్వుతూనే ఆమె భుజాలు పట్టి పక్కనున్న ఖాళీ కుర్చీలో కూలేసింది. "డైరెక్టర్ గారు నన్ను చంపేస్తారు. ప్లీజ్."

అమ్మడు అక్కణ్నుంచి చూసింది. ఇప్పుడు పెట్టె ఇంకా దగ్గరగా ఉంది. గాజు సగం మసకబారింది. మొగుడి నోటికి ఎదురుగా రూపాయి బిళ్ల కోసం వెతికింది. కనిపించలేదు. బయటి చెమట అడ్డం వచ్చి కనిపించలేదా, అసలే పడటం లేదా, తెలియలేదు. ఈ మనిషి ఎందుకు కొట్టుకోవడం లేదు, ఎందుకు అరవడం లేదు అనుకుంది. వెంటనే జవాబూ తెలిసిపోయింది. కదలకుండా ఉండాలన్నారు కదా. చలి మొదలైనప్పుడు ఇంకాసేపేలే అని ఓర్చుకుని ఉంటాడు. పెద్దపెద్దవాళ్లు చూస్తున్నారని ఓర్చుకుని ఉంటాడు. ఆ ఓర్చుకోవడంలోనే కాళ్లూ చేతులూ చచ్చుబడి ఉంటాయి. మొండిముండాకొడుకు అని మనసులోనే తిట్టింది.

అప్పుడు ఛాతీ మీది చెయ్యి కదిలింది. జానెడు పైకి లేచింది. వేళ్లు గాజుకు తగిలి, ఒక్క క్షణం ఆగి, కిందికి జారిపోయాయి. రాణి పెట్టెకు వీపు పెట్టి జనం వైపు చూస్తూ పాట ఎత్తుకుంది. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు.

అమ్మడు కుర్చీలోంచి లేచి నిలబడింది. "మావా!" అంది. ఎవరికీ వినబడలేదు. వినబడినా లాభం లేదని ఆమెకు తెలుసు. ఆ హాల్లో సగం మంది మగవాళ్లు ఎవరికో ఒకరికి మావలే. యముడికి ఎవరని తెలుస్తుంది?

పిలిస్తే ఒక ఏడాది. పిలవకపోతే అంతా. ముప్ఫై ఏడేళ్లుగా నాలుక మీదికి రానివ్వని పేరు, దానికి దారే మరిచిపోయిందేమో అనిపించింది. కళ్లు మూసుకుంది. మూసిన కళ్ల ముందు బుల్లమ్మ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"అప్పలసూరీ!"

గంప నెత్తిన పెట్టుకుని నాలుగు వీధులకు వినబడేలా చేపలమ్మిన గొంతు అది. గిటారు ఆగిపోయింది. రాణి పాట మధ్యలో తెగిపోయింది. హాలంతా ఒక్కసారి అమ్మడి వైపు తిరిగింది.

"అప్పలసూరీ! ఉన్నావా?"

ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దంలో పెట్టె గుయ్యిమనడం చివరి వరసకు కూడా వినబడింది. పద్మకుమారి అప్పుడు వెనక్కి తిరిగింది. గాజు మీద చెయ్యి వేసి, కాలినట్టు వెనక్కి లాక్కుంది.

"కరెంటు తియ్యండి!" అని అరిచింది. "ధనరాజ్, ఇది ఆన్‌లో ఉంది! మూత తీయండి, ఎవరైనా రండి!"

గొళ్లెం బిగుసుకుపోయింది. ధనరాజ్ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి స్టూలుతో దాన్ని కొట్టాడు. ఒకటి, రెండు, మూడు దెబ్బలకు ఊడింది. చల్లటి పొగ స్టేజీ మీదికి పొంగింది. చూసేవాళ్లకు అది ఎంత బాగుందో ఏమో, హాలు చప్పట్లతో దద్దరిల్లిపోయింది. జగన్నాధం మాస్టారు లేచి నిలబడి మరీ కొట్టాడు.

కార్డు పిల్లను తోసుకుని అమ్మడు స్టేజీ ఎక్కింది. అప్పలసూరి పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్లు సగం తెరుచుకుని ఎటో చూస్తున్నాయి. ఆమె అతని చెంప మీద చెయ్యి వేసింది. నలభై ఏళ్లుగా పొద్దున్నే ఆ చేతికి తగిలే ఐసు చలి అదే. ఏడవకూడదు, ఏడిస్తే చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టే, ఇంకొక్క పిలుపు మిగిలి ఉంది. అతని చెవి దగ్గర వంగింది.

"అప్పలసూరీ. నానే. ఉన్నావా?"

పలకలేదు. మూడుసార్లూ అయిపోయాయి.

*

అంబులెన్సులో కుర్రాడు మణికట్టు పట్టుకుని చూసి, "నాడి ఆడుతోందమ్మా, బతికే ఉన్నాడు" అన్నాడు. ఆక్సిజను పెట్టాడు, దుప్పట్లు కప్పాడు. అమ్మడు తలూపిందే గానీ నమ్మలేదు. నాడి డాక్టర్లకు. యముడికి కావలసింది మాట. పలకలేదు కదా, ఇంకా అతని చేతుల్లోనే ఉన్నాడు.

ఆమె మొగుడి పాదాలు ఒళ్లో పెట్టుకుని అరచేతులతో రుద్దుతూ కూర్చుంది. పుష్యమాసం వేట నుంచి కొయ్యబారి వచ్చినప్పుడు ఇలాగే రుద్దేది. అప్పుడతను కాసేపటికి కాళ్లు వెనక్కి లాక్కుని, "సాల్లేవే, తోలూడిపోతాది" అని కసిరేవాడు. ఇప్పుడు లాక్కోవడం లేదు. మూడేళ్లు తగలేశాను అనుకుంది. మూడుసార్లు పిలిచి మూడేళ్లు తగలేశాను, పలుకూ లేదు. వాటిలోనే ఈ మనిషికి మిగిలినవన్నీ అయిపోయాయేమో. తనే పిలిచి చంపుకుందేమో. ఆ ఆలోచన వచ్చినా చేతులు ఆపలేదు. ఇంకా గట్టిగా రుద్దింది.

ఎదురుగా ధనరాజ్ తల పట్టుకుని కూర్చున్నాడు. "లైటు మాత్రమే వెయ్యమన్నానమ్మా. ప్లగ్గు పెడితే రెండూ ఆడతాయని చూసుకోలేదు. చీకట్లో కుర్రాళ్లు మూత దించేశారు," అంటున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పాతికేళ్లుండవు వాడికి, ముఖం పాలిపోయింది. అమ్మడు అతన్ని తిట్టలేదు. తిట్టే ఓపిక ఉంటే ఆ ఓపికతో ఇంకో పాదం రుద్దొచ్చు.

ఆసుపత్రిలో స్ట్రెచరును వరండా దాటించి అత్యవసర గదిలోకి తోశారు. డాక్టరు గుండె మీద వైర్లు అంటించి మిషను పెట్టాడు. ఎవరో వేడి చేసిన సెలైను పట్టుకొచ్చారు. గుమ్మం దగ్గర బల్ల వెనకాల నర్సు పెద్ద పుస్తకం తెరిచి, తల ఎత్తకుండా అడిగింది.

"పేషెంటు పేరు?"

ధనరాజ్ కళ్లు తుడుచుకుని నోరు తెరిచాడు. అమ్మడు ఒక్క చేత్తో అతన్ని పక్కకు నెట్టింది.

మూడు దాటాక నాలుగోసారి పిలవొచ్చో కూడదో బుల్లమ్మ చెప్పలేదు, ముసలివాళ్లూ చెప్పలేదు. నాలుగో ఏడాది ఉందో లేదో అసలే తెలియదు. రేషను కార్డాయన ముందు కూతురి వీపు పొడిచిన మనిషి, ఆ గుమ్మంలో నిలబడి, నర్సు వైపు కాదు, గదిలో ఉన్న స్ట్రెచరు వైపు తిరిగి, గట్టిగా చెప్పింది.

"అప్పలసూరి!"

నర్సు ఉలిక్కిపడింది. "చెవుడు లేదమ్మా నాకు," అంది.

అమ్మడు ఆమె మాట వినలేదు. దుప్పట్ల కుప్పలో ఏదో కదిలింది. ఆక్సిజను మాస్కు కింద పళ్లు టకటకమని కొట్టుకుంటున్నాయి. ఆ కొట్టుకోవడం మధ్యలోంచి, సముద్రం అవతలి నుంచి వచ్చినంత సన్నగా, గొంతు వచ్చింది.

"ఓయ్... ఉన్నానే."

అమ్మడు గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడింది. వారం రోజులుగా బిగబట్టిన ఏడుపంతా బయటికి వచ్చేసింది. నర్సు పేరు రాసుకుని, పక్క గడిలోకి పెన్ను జరిపి, "వయసు?" అని అడిగింది.